గంగాభవాని నెమ్మది

గంగాభవాని పొయ్యి దగ్గర కూర్చుందంటే పాలు పొంగడానికి ముప్పావుగంట పట్టేది. ఆవిడ పుట్టుకే అంత. ఆవిడ పక్కనుంటే అగరొత్తి పూటంతా వెలిగేది, తల్లో మల్లెపూలు మూడోనాటికి కూడా వాడేవి కావు. మనుషుల నడకకీ మాటకీ మాత్రం ఏమీ అయ్యేది కాదు. పెళ్ళిచూపుల్లోనే వాళ్ళమ్మ ఈ సంగతి దాచకుండా చెప్పేసింది. "ఏం ఫరవాలేదండీ, మా ఇంట్లో అందరిదీ తొందరే" అన్నారు అత్తగారు.

భర్త అచ్యుతరామయ్య స్టీలు ప్లాంటు స్టోర్సులో గుమాస్తా. కొలువు కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి గాజువాకలో అద్దెకుంటున్నారు. ఎనభయ్యెనిమిదిలో ఆఫీసుకి కంప్యూటర్లు వస్తున్నాయనీ, పరీక్ష పెట్టి ముగ్గురికి ఆ పని ఇస్తారనీ తెలిసింది. నలభై రెండేళ్ళ అచ్యుతరామయ్యకి ఎలాగైనా ఆ ముగ్గురిలో ఉండాలని పట్టుదల పుట్టింది.

గంగాభవాని తమ్ముడు వీర్రాజు ఓడలో పనిచేస్తాడు. బావగారి ముచ్చట తెలిసి సింగపూరు నుంచి ఒక చిన్న కంప్యూటరు పట్టుకొచ్చాడు. చూడ్డానికి టైపుమిషను మీటల పలక, అంతే. ఒక వైరు టీవీకి, ఇంకొకటి టేపురికార్డరుకి తగిలించి క్యాసెట్టు పెడితే, టేపు నాలుగు నిమిషాలు కీచుమని అరిచి, టీవీ మీద అక్షరాలు వస్తాయని చెప్పి, మళ్ళీ ఓడెక్కేశాడు.

నాలుగు నిమిషాలు కాదు కదా, గంటయినా అక్షరాలు రాలేదు. టీవీలో గీతలు ఒక్కొక్కటే చీమల్లా పాకేవి. అచ్యుతరామయ్య అయిదింటికే లేచి మీట నొక్కితే, అది తయారయ్యేసరికి ఇతని డ్యూటీ బస్సు వీధి చివరికొచ్చి హారను కొట్టేది.

ఇది భార్య మహిమ అని అతనికి తట్టలేదు. ఎందుకంటే ఆవిడ పక్కనున్నా ఫ్యాను మామూలుగానే తిరిగేది, రేడియో మామూలుగానే పాడేది. కరెంటు వస్తువుల మీద ఆవిడ నెమ్మది పనిచెయ్యదనే అందరూ అనుకున్నారు.

రేడియోలు బాగుచేసే అప్పలసూరిని పిలిచారు. ఇల్లు గాజువాకలోనే, షాపు కంచరపాలెంలో. అతను ప్లగ్గు చూశాడు, వైర్లు మార్చాడు, దూది స్పిరిట్లో ముంచి టేపు హెడ్డు తుడిచాడు. ఓల్టేజి తక్కువేమోనని స్టెబిలైజరు కూడా తెచ్చి పెట్టాడు. గీతలు పాకుతూనే ఉన్నాయి.

"షాపుకి అట్టుకెల్లి సూత్తాను బాబూ" అని మొత్తం మూటగట్టి సైకిలు మీద తీసుకుపోయాడు. షాపులో నాలుగు నిమిషాల్లో లేచి కూచుంది. ఇంటికి తెస్తే మళ్ళీ గంటా పదినిమిషాలు.

మూడోసారి ఆదివారం పొద్దున్న వచ్చాడు. గంగాభవాని చింతపండు కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి ఉంది. మీట నొక్కాడు. నాలుగు నిమిషాలు. ఆపి మళ్ళీ నొక్కాడు. టేపు జోరుగా అరుస్తుండగా గంగాభవాని సంచితో గడప దాటింది. అరుపు కాస్తా సాగి, సాగి, మూలుగయింది.

అప్పలసూరి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "అమ్మా, ఓపాలి ఈదిలోకెల్లి నిలబడండమ్మా."

ఆవిడ వీధిలోకి వెళ్ళగానే అక్షరాలు వచ్చేశాయి.

"ఫ్యానుకి ఏమీ అవదు కదయ్యా?" అన్నాడు అచ్యుతరామయ్య.

"ఫ్యాను తిరగతానే ఉంటది బాబూ, దానికి సివరంటూ నేదు. ఇది తయారవ్వాల. పాలు కాగినట్టు ఇదీ కాగాల. నానేటి బాగుసేత్తాను, ఇందులో రిపేరేటీ నేదు."

మర్నాటి నుంచి అచ్యుతరామయ్య భార్యని బయటికి వెళ్ళమని ఒక్కరోజూ అనలేదు. మీట దగ్గర కూర్చుని గడియారం వైపు చూసేవాడు, అంతే. ఆవిడ చేట తీసుకుని ఎదురింటి సూర్యకాంతమ్మ అరుగు మీదకి పోయి బియ్యం ఏరుకునేది. ఏరడానికి బియ్యం అయిపోయాక కూడా అక్కడే కూర్చునేది. సొంత ఇంట్లో తను అడ్డమైపోయానన్న మాట ఎవరితోనూ అనలేక, మెరికలు లేని బియ్యాన్నే మళ్ళీ మళ్ళీ చెరిగేది.

పరీక్ష రోజు పొద్దున్న అచ్యుతరామయ్య చెప్పులు తొడుక్కుంటుంటే ఇంటిముందు ఆటో ఆగింది. అప్పలసూరి చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు.

"అమ్మా, నా పెళ్ళాం సన్యాసమ్మని పాం కరిసేసిందమ్మా. పుల్లలు తీస్తంటే. ఆస్పత్రిలో ఏశాను, ఇసం ఎక్కతంది. సూదిమందు ఊళ్ళో పెద్దాస్పత్రి నుంచి రావాలంతన్నారు. మీరొచ్చి దాని పక్కన కూకోండమ్మా. ఇంకేటొద్దు, ఊరికినే కూకోండి."

గంగాభవాని భర్త వైపు చూసింది. "వెళ్ళు భవానీ, వెళ్ళు" అన్నాడతను.

వీధి చివర చిన్న ఆస్పత్రి. మంచం మీద సన్యాసమ్మ కాలు పొంగి నల్లబడుతోంది. డాక్టరమ్మ రామలక్ష్మి వాపు ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గీత గీసి ఉంచింది. అప్పటికే మూడు గీతలు ఒకదాని మీద ఒకటి మోకాలి వైపు ఎక్కాయి. గంగాభవాని స్టూలు లాక్కుని కూర్చుని సన్యాసమ్మ చెయ్యి పట్టుకుంది.

మందు కోసం స్కూటరు మీద వెళ్ళిన కాంపౌండరు పోర్టు లారీల వరసలో ఇరుక్కుపోయాడు. గంట గడిచింది. రెండు గడిచాయి. గంగాభవాని మంచినీళ్ళకి కూడా లేవలేదు. కాళ్ళు తిమ్మిరెక్కినా కదలలేదు. డాక్టరమ్మ మాటిమాటికీ వచ్చి చూసేది. వాపు మూడో గీత దాటి ఒక్క వేలు మందం జరిగింది, అంతే.

"ఉండండమ్మా. మీరలా ఉండండి" అంది డాక్టరమ్మ.

ఆవిడ వచ్చి కూర్చున్న మూడున్నర గంటలకి మందు వచ్చింది. సూది గుచ్చగానే గంగాభవాని చెయ్యి వదిలి లేచింది.

"ఎల్లిపోతన్నారేటమ్మా!" అన్నాడు అప్పలసూరి బెదిరిపోయి.

"నేనిక్కడుంటే మందు కూడా నెమ్మదిస్తుంది నాయనా. అది తొందరగా ఎక్కాలి" అని తిమ్మిరి కాళ్ళు ఈడ్చుకుంటూ రోడ్డు దాటి, అవతల టీకొట్టు బల్ల మీద కూర్చుంది. ఆ బయట కూర్చోవడంలో ఆవిడకి చిన్నతనం అనిపించలేదు.

సాయంత్రం నాలుగింటికి అచ్యుతరామయ్య వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. పరీక్ష ఎలా రాశారని ఆవిడ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇద్దరూ ఆస్పత్రి గుమ్మం వైపే చూస్తున్నారు.

కాసేపటికి అప్పలసూరి గుమ్మంలోకి వచ్చాడు. "కళ్ళు తెరిసిందమ్మా! గంజి అడగతంది!" అని అక్కడి నుంచే అరిచి, గోడ పట్టుకుని ఏడ్చాడు.

వెనకాలే డాక్టరమ్మ రోడ్డు దాటి వచ్చింది. "ఇక్కడికి ఏ మందు రావాలన్నా ఊళ్ళోంచే రావాలి. అది వచ్చేలోపల మనుషులు ఆగరు. మీరు రోజూ మా దగ్గరికొచ్చి పనిచేస్తారా?"

పదహారేళ్ళుగా ఏ ప్రశ్నకైనా ముందు భర్త ముఖం చూడటం గంగాభవానికి అలవాటు. ఈసారి చూడలేదు.

"వస్తానండి" అంది. ఆ మాట అనడానికి ఆవిడకి క్షణం కూడా పట్టలేదు.