డ్రైవరు ఏసుపాదం సొంత కారు

నేను ఒక కారుని. ఇప్పుడు అలా చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. చక్రాలు ఊడదీశారు, అద్దాలు తీసేశారు, బానెట్టు ఎవరో కొనుక్కుపోయారు. విజయవాడ ఆటోనగర్‌లో మస్తాన్‌వలి గారి తుక్కు దొడ్లో, ముక్కు నుజ్జయిన లారీకీ తుప్పుపట్టిన ఆటోకీ మధ్య ఇటుకల మీద కూర్చుని ఉన్నాను.

పుట్టింది మద్రాసు అవతల ఒక పెద్ద ఫ్యాక్టరీలో. తెల్లరంగు, డీజిలు ఇంజను. నన్ను మొదట కొన్నది బెజవాడలో ఒక డాక్టరు గారు. ఆయన రోజూ పొద్దున్నే నడకకోసం నన్నేసుకుని పార్కుకి వెళ్లేవారు. ఆ పార్కు ఆయన ఇంటికి పిలిస్తే పలికేంత దూరం. లోపల నాలుగు చుట్లు తిరిగి, చెమట తుడుచుకుంటూ వచ్చి, నాలో కూలబడి ఏసీ వేసుకునేవారు. పేషెంట్లకి మాత్రం, ఎంత దూరమైనా నడిచే వెళ్లండి, గుండెకి మంచిది అని చెప్పేవారు.

ఆయన కొత్త కారు కొనుక్కోగానే బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన చేతికి వచ్చాను. చెరువులకోసం, ఒడ్డుని కాచే మడ అడవి నరకడానికి కూలీలనీ గొడ్డళ్లనీ నాలోనే ఎక్కించుకుపోయేవాడు. తర్వాత ఒక తుఫానుకి కట్టలన్నీ తెగి సముద్రం చెరువుల్లోకి వచ్చేసింది. ఆ రోజు ఆయన నా స్టీరింగు మీద తలపెట్టుకుని, "మనవేం చేశామని ఈ సముద్రానికింత పగ?" అంటూ ఏడ్చాడు. నిజంగానే ఆయనకి తెలియలేదు. మనుషుల్లో నాకు వింతగా తోచేది అదే.

ఆ ఆసామి దగ్గర్నుంచి నన్ను కొన్నవాడు ఏసుపాదం. నేను చెప్పదలుచుకున్నదంతా అతని గురించే.

ఏసుపాదం బందరులో ఒక సర్కారు ఆఫీసులో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పటినుంచీ ఇంజనీర్లకి జీపులు తోలాడు, తర్వాత కార్లు తోలాడు. దొరలు దిగేటప్పుడు పరుగున వచ్చి తలుపు తీశాడు. వాళ్ల పిల్లల్ని బడికి, భార్యల్ని చీరల కొట్లకి, అందర్నీ సముద్రానికి తీసుకెళ్లాడు. వాళ్లు ఇసకలో ఆడుకుంటుంటే బండికి ఆనుకుని నిలబడి, డబ్బాలో తెచ్చుకున్న అన్నం తినేవాడు. అతని భార్య మార్తమ్మ మాత్రం ఎప్పుడూ కారెక్కలేదు. కూతురు దీవెనకి చిన్నప్పుడు ఒకసారి ఆఫీసు జీపులో కూర్చోవాలని సరదా పుట్టి ఎక్కితే, ఇంజనీరు గారు చూసి ఏమీ అనకుండా ఊరుకున్నారు. ఆయన ఊరుకోవడమే ఏసుపాదాన్ని ఎక్కువ బాధపెట్టిందని తర్వాత మార్తమ్మతో చెప్పగా విన్నాను.

నన్ను ఇంటికి తెచ్చిన రోజు ఈడేపల్లి సందులో జనమంతా బయటికొచ్చారు. ఏసుపాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక తలుపు తీసి పట్టుకుని, "ఎక్కండమ్మగారూ" అన్నాడు భార్యతో.

మార్తమ్మ సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "చాల్లేవయ్యా ఎటకారం. ముందు కూర్చుంటా, నీ పక్కన."

దీవెన ఎక్కలేదు. గడప దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. అప్పటికి ఆ అమ్మాయికి ఇరవై దాటి మూడు నాలుగేళ్లు. చదువు అయ్యాక గిలకలదిండి దగ్గర మడ మొక్కలు పెంచే సంఘంలో చేరింది. బురదలో మోకాళ్లదాకా దిగి మొక్కలు నాటడం, బళ్లకి వెళ్లి సముద్రం ఎందుకు ముందుకొస్తోందో, గాలి ఎందుకు వేడెక్కుతోందో పిల్లలకి చెప్పడం ఆమె పని. ఎక్కడికైనా సైకిలు, లేకపోతే బస్సు.

"నువ్వు రావా అమ్మడూ?" అన్నాడు ఏసుపాదం.

"మంగినపూడి బీచికి బస్సుందిగా నాన్నా."

"బస్సు ఎప్పుడూ ఉంటది. ఇది మనది."

దీవెన తండ్రి మొహం చూసి, "మీరెళ్లండి, నేను వెనకాల వస్తా" అంది. ఆ రోజు నేను మెల్లగా వెళ్లాను, ఆ పిల్ల సైకిలు మీద వచ్చింది. ఏసుపాదం అద్దంలో ఆమెని చూస్తూనే తోలాడు. అంత మెల్లగా నన్నెవరూ తోలలేదు.

కొన్నాళ్లకి తండ్రీ కూతుళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. నెలకొక్క ఆదివారమే నన్ను తీయాలి. ఒక్క సీటూ ఖాళీగా ఉండకూడదు, సందులో ఎవరు వస్తామంటే వాళ్లని ఎక్కించుకోవాలి. మిగతా పనులన్నిటికీ ఏసుపాదం కూడా నడిచో, బస్సెక్కో వెళ్లాలి. దీవెన ఈ మాట భయపడుతూనే అడిగింది. అతను మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు. కూతురు తన పక్కన కూర్చుని ప్రయాణం చేస్తుందంటే ఇంకేమైనా ఒప్పుకునేవాడు.

నా బతుకులో నేను సుఖపడింది ఆ ఆదివారాల్లోనే. పట్టనంత మంది ఎక్కేవాళ్లు. పులిహోర గిన్నె ఒకరి ఒళ్లో, మంచినీళ్ల బిందె ఇంకొకరి కాళ్ల మధ్య. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి హంసలదీవి వెళ్లేవాళ్లం. అక్కడ కృష్ణ సముద్రంలో కలిసేచోట దీవెన అందరికీ మడ చెట్ల వేళ్లు చూపించి, అవి ఒడ్డుని ఎలా పట్టుకుని ఉంటాయో చెప్పేది. ఏసుపాదం ఏమీ తెలియనివాడిలా ప్రశ్నలు అడిగేవాడు. కూతురు చెబుతుంటే వినడం అతనికి ఇష్టం. తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల అతని భుజం మీద తలవాల్చి నిద్రపోయేది. అప్పుడతను గతుకుల దగ్గర నన్ను దాదాపు ఆపేసి దాటించేవాడు.

మిగతా రోజుల్లో సాయంత్రం పూట తలుపు తీసి నాలో కూర్చునేవాడు. తాళం తిప్పేవాడు కాదు. స్టీరింగు మీద చేతులు వేసుకుని ఊరికే వీధిలోకి చూస్తూ ఉండేవాడు. దీవెన కిటికీలోంచి చూసేది, కానీ పలకరించేది కాదు.

ఒప్పందం బాగానే ఉంది. పాడైంది నేను. వయసు మీదపడి పొగ కక్కడం మొదలుపెట్టాను. నన్ను స్టార్టు చేస్తే సందంతా నల్లగా అయ్యేది. పక్కింటి వెంకాయమ్మ గారికి ఉబ్బసం. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని తలుపు వేసుకునేది. మెకానిక్కులు ఎంత చూసినా పొగ పరీక్ష గట్టెక్కలేదు. ఒక బడిలో దీవెన పొగ గురించి చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మరి మీ ఇంటి ముందున్న పొగబండి ఎవరిది మేడమ్?" అని అడిగిందట. పిల్లలంతా నవ్వారట.

ఆ సాయంత్రం దీవెన ఇంటికొచ్చి తండ్రి ముందు కింద కూర్చుంది.

"నాన్నా, బండి తుక్కుకిచ్చేద్దాం. వేరేవాళ్లకి అమ్మితే ఆ పొగ వాళ్ల వీధిలో వదుల్తారు."

మార్తమ్మే అందుకుంది. "ఇన్నేళ్లు ఈయన తోలిన బళ్లల్లో కూర్చున్నోళ్లు ఎంతమందే? ఆ పొగంతా ఎటుబోయింది? మీ నాన్న నెలకో రోజు తోలితేనే సముద్రం పొంగిందా?"

"వాళ్లకీ చెప్తున్నానమ్మా. వాళ్లు వినరు. నాన్న వింటాడు."

"అదీ సంగతి! వినేవాడు దొరికాడని వాడి మీదే బరువంతా పెడతన్నారు అందరూ. ఇన్నాళ్లూ ఆఫీసోళ్లు పెట్టారు, ఇప్పుడు నువ్వు."

దీవెన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏసుపాదం చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు.

"పిల్లనేం అనమాక. అది చెప్పేది నిజవే. నేను మా దొరగారి జీపు ఆపుకున్న జాగాలో ఇప్పుడు అలలు తిరుగుతున్నాయి. నా కళ్లతో చూశా." కూతురి వైపు తిరిగాడు. "ఒక్కటే అడుగుతా అమ్మడూ. వచ్చే ఆదివారం మనం ముగ్గురం హంసలదీవి వెళ్లొద్దాం. ఆ తర్వాత ఇచ్చేస్తా."

"వచ్చే ఆదివారం మొక్కల పని ఉంది నాన్నా. పోటు తగ్గేది ఆ రోజే, నాటకపోతే నారంతా పోతుంది. పై ఆదివారం వెళ్దాం."

"సరేలే."

ఆ 'సరేలే'లో ఏముందో నాకు తెలిసింది. వారం మధ్యలోనే, దీవెన పనికి వెళ్లిన పూట, అతను నన్ను శుభ్రంగా కడిగి, లోపల తుడిచి, ఒక్కడే విజయవాడ తోలుకొచ్చాడు. ఇంకో ఆదివారం ఉంచుకుంటే ఇవ్వలేనని మస్తాన్‌వలి గారితో అన్నాడు. తాళం ఆయన చేతిలో పెట్టి, అలవాటు కొద్దీ నా తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

ఎండాకాలం పోయింది. వానలు పడ్డాయి. నా సీట్లలో పిచ్చిమొక్కలు మొలిచాయి. నన్ను కోసే వంతు వచ్చినప్పుడు మస్తాన్‌వలి గారు ఏసుపాదం నంబరుకి ఫోను చేసి, కోసేముందు ఒకసారి చూసుకుంటారా అని అడిగితే, ఎత్తిన ఆడగొంతు వస్తామని మాత్రం చెప్పింది. ఆ మర్నాడు మధ్యాహ్నం దీవెన వచ్చింది. సన్నబడింది, జుట్టు రేగి ఉంది.

"నాన్నగారు రాలేదామ్మా?"

"నాన్న పోయారండీ. నెల దాటింది."

మస్తాన్‌వలి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కుర్రాళ్లని పని ఆపమన్నారు. ఆ అమ్మాయి నా పక్కన నిలబడే ఆయనకి అంతా చెప్పింది.

నన్ను వదిలేశాక ఏసుపాదం ఎవరినీ ఏమీ అనలేదట. బయటికి వెళ్లడం మాత్రం తగ్గించాడు. నడిస్తే ఆయాసం వచ్చేది. దీవెన మనసు ఊరుకోక, ఒక ఆదివారం తల్లినీ తండ్రినీ హంసలదీవికి బస్సులో బయల్దేరదీసింది. బస్సు నిండా పెళ్లిజనం. అవనిగడ్డ దాకా అతను కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఎవరో సీటివ్వబోతే, చంటిబిడ్డ తల్లికి ఇమ్మన్నాడు. అవనిగడ్డలో బస్సు మారాలి. దిగి బల్ల మీద కూర్చున్నవాడు లేవలేదు. "ఇక చాలు అమ్మడూ, ఇంటికెళ్దాం. సముద్రం ఎటుబోద్ది?" అన్నాడట. ఆ తర్వాత మంచం దిగలేదు.

"నేను చెప్పింది తప్పు కాదండీ," అంది దీవెన. "ఇప్పటికీ తప్పనుకోను. కానీ ఆ ఒక్క ఆదివారం... నారు పోతే పోయేది. మళ్లీ పెంచుకునేవాళ్లం."

మస్తాన్‌వలి గారు నా వైపు చెయ్యి చూపించారు. "గుర్తుగా ఏదైనా తీసుకెళ్తావా తల్లీ? స్టీరింగు ఊడదీయిస్తాను."

ఆ అమ్మాయి నా లోపలికి వంగి చూసింది. స్టీరింగు మీద తండ్రి చేతులుండే చోట రంగు పోయి నున్నగా మెరుస్తోంది. అక్కడ ఒకసారి అరచెయ్యి ఆనించింది. ఎంతసేపటికో తీసింది.

"వద్దండీ. ఆయన ఇచ్చేశారు. నేను వెనక్కి తీసుకుంటే ఆయన ఇచ్చింది ఉత్తదైపోద్ది."

"మరి ఉంటావా, కోసేదాకా?"

తల ఊపింది. కుర్రాళ్లు గ్యాసు వెలిగించి, కళ్లకి నల్లద్దాలు పెట్టుకుని, నీలం మంటతో నా దగ్గరికి వచ్చారు. పొగ లేచింది. "దూరం జరగమ్మా, దగ్గొస్తది" అని మస్తాన్‌వలి గారు అంటున్నా దీవెన జరగలేదు. కొంగుతో ముక్కు మూసుకోలేదు. అక్కడే నిలబడి, కళ్లు మండుతున్నా రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది.