ఒక పూట పొడవు దారం

ఆమెకు ఒక్కటే భయం — బిడ్డ ఏడుస్తుంది, ఎవరికీ వినపడదు.

పట్టపగలు కూడా అదే కల. గది నిండా దూదిపింజలు... మెల్లగా రాలుతుంటాయి... వాటి అడుగున ఒక చిన్న నోరు తెరుచుకుని ఉంటుంది. చప్పుడుండదు.

ఆ దూది నాన్నది.

ముప్పై ఏళ్లు నూలుమిల్లులో చేశాడు. ఇంటికొస్తే కనుబొమ్మల మీద దూది... ఏదో మబ్బులోంచి దిగివచ్చినట్టు. యంత్రాల హోరు మొదట ఆయన చెవుల్ని మింగింది. తర్వాత మిల్లు మూతపడింది.

ఇప్పుడు యాభై ఎనిమిదో ఏట కొత్త పని నేర్చుకుంటున్నాడు. పసిపిల్లల్ని చూసుకునే పని. శిక్షణ కేంద్రంలో తలా ఒక రబ్బరు బొమ్మనిచ్చారు. మీట నొక్కితే ఏడ్చే బొమ్మ.

అందరి బొమ్మలూ ఊరుకున్నాయి. నాన్న బొమ్మ ఏడుస్తూనే ఉంది. నాన్న దాన్ని చూసి నవ్వుతూనే ఉన్నాడు.

"బావా, నీ మనవరాలు గుక్కపట్టింది, చూడవేం!" పక్క బల్ల మీది, మిల్లులో ఒకప్పటి ఫిట్టరు, చెయ్యి ఊపాడట. క్లాసంతా ఒకటే నవ్వు.

నేర్పే అమ్మాయి నవ్వలేదు. పెదాలు కనపడేలా ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్, ఒక పూట నిజం బిడ్డను మీరొక్కరే చూసుకోండి. ఆ తల్లి సంతకం పెడితే పనిప్పిస్తా. లేదంటే నా చేతుల్లో లేదు."

ఎవరిస్తారు నిజం బిడ్డను? కూతురు తప్ప.

బడి మధ్యలో మానేసిన ఆమె చేతికి సంతకమంటే నాలుగు వంకర అక్షరాలు. వాటి మీద నాన్న మిగతా బతుకు.

మూడు రోజులు ఆమె బిడ్డను ఒళ్లోంచి దించలేదు.

నాలుగో రోజు నాన్న ఉయ్యాలకు ఒక నూలుపోగు కట్టాడు. రెండో కొస చూపుడువేలికి చుట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"మిల్లులో పోగు తెగితే చెవితో విన్నానా తల్లీ? వేలే చెప్పేది."

బిడ్డ కాలు కదిపింది. నాన్న వేలు కదిలింది. బిడ్డ ఒళ్లు విరుచుకుని ముఖం ముడిచింది... ఏడుపింకా గొంతు దాకా రాలేదు... నాన్న అప్పటికే లేచి నిలబడ్డాడు.

"రేపు ఎనిమిదింటికి నువ్వు బయటికి వెళ్లు తల్లీ. పన్నెండు లోపు గుమ్మం తొక్కావో, నా మీద ఒట్టే!"

వెళ్లింది.

వీధి చివర బస్‌స్టాపు బల్ల మీద కూర్చుంది. బస్సులు వస్తున్నాయి... పోతున్నాయి... ఎండ ఆమె మోకాళ్ల దాకా పాకింది. గడియారం పది దగ్గరే తూగుతోంది.

కూర్చున్నచోటనే ఆమె భయం మెల్లగా పక్కకు ఒత్తిగిలింది.

బిడ్డ ఈపాటికి నిద్రపోయి ఉంటుంది. పోగు తెగుతుందేమోనని ఆయన కదలడు. దాహమేసినా లేవడు. దగ్గొచ్చినా లోపలే నొక్కేస్తాడు. అంత మొండి మనిషి.

ఆమె వెళ్లకూడదు. ఒట్టు.

మీరెవరైనా అటుగా వెళ్తుంటే — నీలం తలుపు, కొట్టకండి, ఆయనకు వినపడదు — మెల్లగా తోసి లోపలికి వెళ్లండి. బిడ్డను కాదు... ఆయన్ని చూడండి. కాసిని మంచినీళ్లు తాగించి రండి.