ఉల్లిపొర రంగు గోడ

సిద్దిపేటలో ఏ పెళ్లికైనా వెళ్లి చూడండి. ముందు వరుసలో పది మంది ఆడవాళ్లు కూర్చుంటే, నలుగురి జాకెట్టు ముక్క నా చేతి మీదుగా వెళ్లిందే అయి ఉంటుంది. ఇరవై ఒక్క ఏళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. చీర కౌంటరు మీద పరిస్తే చాలు, ట్యూబ్‌లైటు కింద ఒకసారి, బయట ఎండలో ఒకసారి చూసి దానికేది కుదురుతుందో చెప్పేస్తాను. హుస్నాబాద్ నుంచి బస్సెక్కి నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. "వనజక్క చూసిందంటే ఇగ మల్ల చూసుడు లేదు" అంటారు.

ఇంట్లో మాత్రం నా మాటకు చింతాకంత విలువ లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి, రోజూ ఇంట్లో ఓడిపోతూ వచ్చాను. పెళ్లయినప్పటి నుంచి అన్నీ కిరాయి ఇళ్లే. ఒక ఓనరు దవాఖాన పచ్చ వేయించాడు, ఇంకో ఓనరు నీలం సున్నం కొట్టించాడు. క్యాలెండర్‌కి మేకు కొట్టినా లొల్లే. ఇన్నాళ్లకు సొంత ఇల్లు కట్టుకుంటే, టైల్స్ మా మరిది చూశాడు, తలుపులు మా ఆయన చూశాడు, మిగిలింది వాస్తు పంతులు చూశాడు. నేను అడిగింది ఒకే ఒక్కటి. గడప దాటగానే ఎదురుగా కనబడే హాలు గోడ.

"సరే తియ్యి, గా ఒక్క గోడ నీ ఇష్టం" అన్నాడు మా ఆయన నర్సింలు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

ఇష్టమన్నాడుగా! నెల రోజులు ఆలోచించాను. గులాబీ వేయాలని ముందే అనుకున్నాను కానీ, గులాబీతో వేగడం అంత తేలిక కాదు. పక్కన తెలుపు పెడితే ఐస్‌క్రీం బండిలా ఉంటుంది. రాణీ గులాబీ వేస్తే పెళ్లి షామియానా. మరీ లేతది వేస్తే చంటిపిల్లల బడి. నాకు కావలసింది ఉల్లిపొర రంగు. ఎర్ర ఉల్లిగడ్డకు పొట్టు తీశాక లోపల పల్చటి పొర ఉంటుంది చూడండి, అది. గులాబీయే, కానీ కాస్త బూడిద కలిసింది. దానికి తోడు మిగతా మూడు గోడలు గంధం రంగు, కిటికీలకూ తలుపులకూ గోరింటాకు పచ్చ. పక్కన ఆ పచ్చ లేకపోతే గులాబీకి నిలకడ ఉండదు. దుకాణంలోంచి జాకెట్టు ముక్క కత్తిరించి తీసుకెళ్లి, రంగుల షాపులో మెషిన్ మీద మూడుసార్లు కలిపించాను. మూడోసారి షాపాయన విసుక్కున్నాడు. విసుక్కోనీ, నాకేంటి!

పెయింటర్ మల్లయ్య రెండో కోటు వేసి, నిచ్చెన దిగి, గోడకేసి చూస్తూ నిలబడిపోయాడు.

"ముప్పై ఏండ్ల సంది గోడలకు పూస్తున్న చెల్లె. గిట్ల జత కలిపినోళ్లను నేనైతే సూడలె" అన్నాడు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గృహప్రవేశానికి ఇంకా పది రోజులున్నాయి. వచ్చినవాళ్లంతా గడపలో ఆగి ఈ గోడను చూసి, ఎవరు చూశారమ్మా ఈ రంగు అని అడుగుతారని ఊహించుకున్నాను.

అప్పుడే వచ్చాడు క్రాంతి. మా వార్డులో పార్టీ కోసం తిరిగే కుర్రాళ్లకు ఇతనే పెద్ద. మా ఆయనతో ఏదో పనుండి వచ్చాడు. ఆయన తన ఎరువుల దుకాణంలో ఉన్నాడని చెప్తే వినకుండా లోపలికి వచ్చి, గోడ చూసి "అబ్బబ్బ! ఏమున్నది వదినా!" అంటూ సెల్ఫీ దిగాడు. రంగు తెలిసిన మనిషే అనుకుని మురిసిపోయాను. నా తెలివి తగలెయ్య, సందు చివర హోటల్ నుంచి చాయ్ కూడా తెప్పించి ఇచ్చాను.

గంట తిరక్కుండా మా ఆయన స్కూటర్ మీద ఊడిపడ్డాడు. ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. వార్డు గ్రూపులో క్రాంతి ఫోటో, వెనక నా గోడ. కింద రాత: "నర్సింలన్న ఇంట్ల మన రంగు! అన్న మనోడే!"

గులాబీ క్రాంతి వాళ్ల పార్టీ రంగని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కానీ ఉల్లిపొరను చూసి జెండా అనుకునే కళ్లు కూడా ఉంటాయని మాత్రం తెలియలేదు.

"నా దుకాణానికి అన్ని పార్టీలోళ్లు వస్తరు! గంటల పదకొండు ఫోన్లు! చేరినవా అని ఒకడు, ఎప్పుడు చేరినవని ఒకడు! ఎలక్షన్లు ముంగట పెట్టుకొని నాకు గీ లొల్లి ఏంది?" అని ఒంటికాలి మీద లేచాడు.

"జెండా రంగు గిట్లుంటదా? కండ్లున్నయా నీకు? గది రాణీ గులాబీ, గిది ఉల్లిపొర!"

"జనానికి గవన్ని ఎవరు చెప్పాలె? గులాబీ అంటే గులాబీనే!"

గోడ దక్కించుకోవాలని బేరానికి దిగాను. "సరే, నడుమ కనకాంబరం రంగు పట్టీ వేయిస్త."

"కాషాయం అనుకుంటరు. రెండు పార్టీలకు పొత్తు కుదిరిందంటరు!"

"ఆకుపచ్చ ఎక్కువ వేయిస్త, మీద తెల్లగీత."

"ఇంగో పార్టీలకు పోయిండంటరు!"

"పసుపు?"

"దానికీ పార్టీ ఉన్నది."

"నీలం? ఎరుపు?"

"ఉన్నయ్! ఉన్నయ్!"

దేవుడు పుట్టించిన రంగులన్నీ వీళ్లే పంచుకున్నారు. ఇక ఇంట్లో కాపురం చేసేవాళ్లకు మిగిలింది బిస్కట్ రంగు. చివరికి మా ఆయన అదే ఖాయం చేశాడు. ఇంతలో పన్నెండో ఫోన్ మోగింది. "అరే, గది పెయింటర్ తప్పు తమ్మీ! డబ్బాలు మారినయ్. రేపే తీపిస్త" అన్నాడు నవ్వుతూ.

మల్లయ్య అక్కడే కుళాయి దగ్గర బ్రష్షులు కడుగుతున్నాడు. నా వైపు ఒకసారి చూసి, మళ్లీ తల వంచుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆయనెందుకు మాట పడాలె? నా పెండ్లాం వేయించింది అని చెప్పరాదా?"

"చెప్తే ఇంక నవ్వుతరు. పెండ్లాం మాట ఇన్నడంటరు."

తెల్లవారి మల్లయ్య బిస్కట్ రంగు డబ్బా మూత తీసి, ట్రేలో పోస్తుండగా క్రాంతి మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట పార్టీ పెద్దమనుషులు ఇద్దరు, చేతిలో శాలువా. మా ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు.

"డబ్బా మారింది కాకా. గీ మల్లయ్య చేసిన తప్పు..."

ఇక నా వల్ల కాలేదు. "తప్పేం గాదు. గా రంగు నేనే వేయించిన. నాకు ఇష్టమై వేయించిన" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నిన్నటి నుంచి ఈ గోడ ఎవరిదని వార్డంతా ఆరా తీసింది. ఇంట్లో ఉండే ఆడమనిషిదేమోనని ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడైనా తడుతుందని ఆశపడ్డాను.

"అయితే వదినా, చేరింది నువ్వా!" అన్నాడు క్రాంతి.

ఆ ఇద్దరిలో పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. మాట్లాడింది నాతో కాదు, మా ఆయనతో. "మన వార్డు ఈపారి లేడీసుకు రిజర్వు అయితదంటున్నరు నర్సింలూ. మ్యాచింగ్ సెంటర్ వనజ అంటే ఎరుకలేని ఆడిది లేదు. నిలబెట్టు. పేరు ఆమెది, పని నీది."

మా ఆయన ముఖంలో రంగులు మారడం కళ్లారా చూశాను. నిన్నటి పన్నెండు ఫోన్లూ, దుకాణానికి వచ్చే అన్ని పార్టీలవాళ్లూ ఎటు పోయారో! తువ్వాలతో కుర్చీలు తుడిచి వేశాడు. నన్ను చాయ్ తెమ్మన్నాడు. "మల్లయ్యా, గోడ ముట్టకు. అట్లనే ఉండనియ్యి. మంచిగనే ఉన్నది గదా!" అన్నాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. నిన్న పెయింటర్ తప్పు, ఇవాళ వీళ్ల జెండా. ఆ గోడ నాదిగా ఉన్నది మహా అయితే రెండో కోటు ఆరేంతసేపు. కొంగు నడుముకు దోపి, ట్రేలోంచి రోలర్ తీసి, గోడకు ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క లాగు లాగాను.

"చెల్లె, ఆగు చెల్లె! పానం పెట్టి కలిపిచ్చిన రంగు గది!" అని మల్లయ్య నిచ్చెన వదిలి పరుగెత్తుకొచ్చాడు. నేను ఆగలేదు.

"నేను ఏ పార్టీల చేరలే. చాయ్ కావాలంటే సందు చివర హోటల్ల దొరుకుతది" అన్నాను పెద్దాయనతో. ఆయన శాలువా చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

మా ఆయన వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "పిచ్చి లేసిందా వనజా? ఎందుకు పాడుజేస్తున్నవ్? నీకు ఇష్టమైన రంగేనాయె!"

నీకు ఇష్టమైన రంగు. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నా చేయి విడిపించుకుని, రోలర్‌ను మళ్లీ బిస్కట్ రంగులో ముంచాను.