జానెడు లోతు

నేలలోంచి మట్టి తోడే బరమా పిడిని రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి, ఒక్క తిప్పు తిప్పాడు ముక్కుబాబాయి. నేల కిర్రుమంది. ఎడమ రొమ్ములో పొద్దుటి కలుక్కు మళ్లీ వచ్చిపోయింది. పట్టించుకోలేదు.

మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ నేలలో విషం ఎక్కడిదాకా దిగిందో తేల్చేవాళ్ల దగ్గర అతనికిది రెండో నెల. అంతకుముందు ముప్ఫయ్యొక్క ఏళ్లు ఇదే ఆవరణలో తోపుడుబండి నెట్టాడు. పైకి తీసిన ప్రతి పెళ్లనూ ముక్కు దగ్గర పెట్టుకుంటాడని ఆ పేరు.

“బాబాయ్! మళ్లీనా? మల్లెపూవనుకున్నావా అది?” అరిచింది ఇంజనీరమ్మ.

“మీ మిషను వారానికి చెప్పేది ఇది ఇప్పుడే చెప్పుద్దమ్మా.”

“అయితే ఆ ముక్కు నాకు అద్దెకిచ్చి నువ్వు మాస్కు పెట్టుకో. మట్టి సీసాల చీటీ మీద లోతు సెంటీమీటర్లలో రాయి. జాన, మూర అంటే ల్యాబులో నవ్వుతున్నారు.”

“నవ్వనీండి. మీ టేపు రోజుకోటి పోతోంది. నా జాన ఎక్కడికీ పోదు.”

పదిహేడో గుంతలోంచి బరమా పైకి రాగానే అతని చేతులు ఆగిపోయాయి. బూడిదలాంటి మెత్తని మట్టి. మధ్యలో పసుపచ్చ చారలు. ఈసారి వాసన చూడలేదు.

“ఇదేంటి బాబాయ్?”

“రంగు కడిగిన మడ్డి. ఈ గోడవారనే ఎండబోసేవాళ్లం.”

“అన్నిటికంటే చెడ్డది ఇదే. దీన్ని ఎవరైనా బయటికి తోలుకెళ్లారా?”

“తెలీదమ్మా,” అన్నాడు, బరమా తుడుస్తూ.

ఆరేళ్ల కిందట కూతురి పెరడు పల్లంగా ఉండి నీళ్లు నిలుస్తుంటే, ఈ మడ్డినే తొమ్మిది బళ్లు తనే నెట్టుకెళ్లి పోశాడు. రాయీ రప్పా లేని మట్టి మా నాన్న తెచ్చాడని అది వీధంతా చెప్పుకుంది. ఇప్పుడక్కడ మనవరాలు ఆడుకుంటోంది. నాలుగు నెలలుగా దానికి కడుపునొప్పి. అన్నం చూస్తే మొహం తిప్పేస్తుంది. నులిపురుగులని మందు పోస్తున్నారు.

మధ్యాహ్నం ఖాళీ సీసా ఒకటి సంచిలో వేసుకుని వెళ్లాడు.

“ఈ వేళప్పుడొచ్చావేంటి నాన్నా? ఆ చెమటేంటి?” అంది కూతురు.

పెరట్లో మనవరాలు ఆకులో మట్టి వడ్డించి ముందుకు తోసింది. “తిను తాతా, వేడివేడిగా ఉంది.” దాని పెదాల చివర బూడిదరంగు అంటి ఉంది.

తన చొక్కా అంచుతో దాని మూతి తుడిచాడు. కొత్త గ్లౌజులు తొడుక్కుని, జాన కొలిచి తవ్వాడు. పసుపచ్చ చార కనబడింది.

“పాపనిక ఇక్కడ ఆడనివ్వకు. చేతులు కడుగు, సబ్బుతో.”

“ఎందుకూ? నువ్వు తెచ్చిన మట్టేగా!”

ఆ మట్టి నింపిన సీసా సంచిలో పెట్టుకుని, గేటు పట్టుకుని కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంజనీరమ్మ రేకుల షెడ్డులోకి వచ్చేసరికి బల్లమీద గోడకానుకుని కూర్చున్నాడు. ఒక బూటు విప్పాడు, రెండోది సగంలో ఉంది. కునుకు తీస్తున్నాడనుకుంది. “బాబాయ్, బండొచ్చింది,” అంది. మూడోసారి పిలిచాక భుజం మీద చెయ్యేసింది. ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

జనం వచ్చి అతన్ని తీసుకెళ్లాక, ల్యాబుకు పంపాల్సిన సీసాలు లెక్కపెడదామని ఐసుపెట్టె మూత తీసింది. ఈ విడత గుంతలు పదిహేడే, గుంతకో సీసా. సీసాలు పద్దెనిమిది.

చివరిదాని మూత శుభ్రంగా తుడిచి, బిగించి ఉంది. చీటీ మీద పెన్సిలు అక్షరాలు చెమ్మకి కాస్త అలుక్కుపోయాయి: “మా అమ్మాయి పెరడు. జానెడు లోతు. పోసింది నేనే.”