నొప్పికి పేరు తెలియని పిల్ల

ఆ గదిలో ఉదయం ఎనిమిదింటికి మొదలైన మిషన్ చప్పుడు సాయంత్రం కుట్టిన సరుకు తీసుకెళ్ళే మేస్త్రీ వచ్చేదాకా ఆగేది కాదు. మూడో అంతస్తు, ఒకటే కిటికీ. కిటికీ కింద కుట్టుమిషన్, దాని పక్కన చొక్కా కాలర్ల కట్టలు, కట్టల వెనక మంచం, మంచం మీద మూడున్నరేళ్ళ పాప. పాప మెట్ల మీద నుంచి పడుతుందేమోనని గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క. పాప తల్లి కుట్టేది కాలర్లే కాబట్టి సందులో అందరూ ఆమెను కాలరమ్మ అనేవారు.

పాపను తండ్రి పిట్ట అని పిలిచేవాడు. సరుకుల వ్యాను తోలి ఇంటికొచ్చి, "మా పిట్టకింకా కూత పట్టుబడలేదు" అని నవ్వేవాడు. అది నవ్వే సంగతేనా అని ఎవరూ ఆలోచించలేదు. పిట్టకు వచ్చిన మాటలు ఐదు: అమ్మ, నాన్న, వద్దు, ఇంకా, అది. నీళ్ళు "అది". దువ్వెన "అది". కిటికీలోంచి కనిపించే మబ్బూ "అది"యే. ఫోన్‌లో పాటలకు మాత్రం, అవి ఏ భాషవో ఇంట్లో ఎవరికీ తెలియకపోయినా, తల ఊపుతూ కూనిరాగం తీసేది.

పాఠకులారా, ఆ తల్లిని తప్పుపట్టే ముందు ఒక్క సంగతి వినండి. పుట్టింట్లో ఆమె నోరు తెరిస్తే "నీ వాగుడు ఆపు" అనేవారు. ఆపేసింది. పెళ్ళయ్యాక ఈ గది, ఈ మిషన్. సాయంత్రానికి కట్ట పూర్తికాకపోతే మర్నాడు పని ఉండదు. పాప ఏడ్చినప్పుడు చేతిలో ఫోన్ పెట్టడం తప్ప ఆమెకు వేరే దారి తోచలేదు.

ఒక సోమవారం పిట్ట ఏడుపు మొదలుపెట్టింది. వేలు మొహం మీద పెట్టుకుని "అది, అది" అనసాగింది. నీళ్ళిస్తే తోసేసింది. అన్నం పెడితే ఉమ్మేసింది. ఫోనిస్తే విసిరికొట్టింది.

"నన్ను చంపుకు తింటావా! ఏం కావాలో చెప్పి ఏడువు!" అని తల్లి వీపు మీద ఒక్కటి వేసింది. పిట్ట ఏడుపు మింగి మంచం మూలకు ఒదిగింది. మిషన్ మళ్ళీ మొదలైంది.

గురువారానికి జ్వరం వచ్చింది. ఒక ముక్కు రంధ్రంలోంచి దుర్వాసన. తల్లి పాపను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది.

తల నెరిసిన డాక్టరమ్మ పాపను బల్ల మీద కూర్చోబెట్టి, "ఎక్కడమ్మా నొప్పి? ముక్కా, చెవా?" అని అడిగింది. పాప ఆవిడ నోటి వైపే చూసి "అది" అంది.

డాక్టరమ్మ ముక్కులోకి టార్చి వేసి చూసి, సన్నటి పట్టకారుతో లాగింది. కాలర్ మొనకు కుట్టే చిన్న గుండీ బయటికొచ్చింది.

"నాలుగు రోజుల నుంచీ చెబుతూనే ఉందండీ," అంది తల్లి. "నేనే... ఫోనిచ్చినా ఆగకపోతే పేచీ అనుకుని కొట్టాను."

"దానికి ముక్కు అనే మాట రాదా?"

తల్లి రాదన్నట్టు తల ఊపింది.

"ఫోన్ మాట్లాడుతుందమ్మా, వినదు. పిల్ల 'అది' అంటే 'ఏదమ్మా, నీళ్ళా, దువ్వెనా?' అని అడగదు. ఆ అడగడంలోనే పిల్లలకు మాటలొస్తాయి. చెవులు సరిగ్గా వినబడుతున్నాయో లేదో నేను చూస్తాను. తక్కినది మీ పని."

"మేస్త్రీ కట్ట అడుగుతాడండీ. చేతులు ఖాళీ ఉండవు."

"చేతులు కట్టకే ఇవ్వండి. నోరు ఖాళీయే కదా?"

చెవుల్లో ఏ లోపమూ లేదు.

మర్నాటి నుంచి కాలరమ్మ ప్రయత్నం మొదలుపెట్టింది. "ఇది కత్తెర" అంది, ఎవరో పరాయివాళ్ళతో మాట్లాడినట్టు. తన గొంతు తనకే ఎబ్బెట్టుగా తోచింది. మిషన్ మోతలో మాట వినబడదు. మాటకోసారి కాలు ఆపాలి. "చేయి నెమ్మదించిందే?" అని మేస్త్రీ గుర్రుమన్నాడు. వారం గడిచింది. పిట్ట మళ్ళీ "అది" అనే అంది. తనకిదేం పిచ్చి అనుకుంది తల్లి. అయినా మానలేదు. దారం ఎక్కిస్తూ, "ఎర్ర దారం, సూది కంట్లోకి దూరింది చూడు" అనేది. జడ వేస్తూ, "చిక్కు పడింది, నొప్పేసిందా?" అని అడిగి, జవాబు కోసం ఆగేది. తండ్రి కూడా వ్యాను దిగి వచ్చాక తను చూసిన కుక్కల గురించీ లారీల గురించీ చెప్పసాగాడు.

మూడో వారంలో పిట్ట, "దారం తెగింది" అంది. తల్లి మిషన్ మీద తల వాల్చి ఏడ్చింది.

గది మారలేదు. కట్టలు తగ్గలేదు. కానీ కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన ముంచుకొచ్చింది. కరెంటు పోయి గదంతా చీకటి కమ్మింది. ఇదివరకైతే పిట్ట గుక్కపట్టి ఏడ్చేది. ఇప్పుడు మంచం మీద నుంచి చిన్న గొంతు వినిపించింది.

"అమ్మా, భయమేస్తోంది. నా పక్కన కూచో."

తల్లి లేచి వెళ్ళి పాపను ఒళ్ళోకి తీసుకుంది. ఎక్కడికీ కదలలేని ఈ గదిలో తను బతుకుతూ, బిడ్డను ఇంతకన్నా ఇరుకైన చోట ఉంచానని ఆమెకు అప్పుడు అర్థమైంది. బాధ చెప్పుకోవడానికి మాటల్లేని బిడ్డ తలుపు లేని గదిలో ఉన్నట్టే. ఆ గదికి తలుపు పెట్టగలిగేది, రోజూ బిడ్డతో మాట్లాడే ఇంటివాళ్ళే.