వసపిట్ట దాచిన రికార్డింగు

కౌన్సెలింగు నేర్చుకునేవాళ్లంతా ఆమెను వసపిట్ట అనేవారు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. అలాంటిది నాలుగు రోజులుగా ఒక రికార్డింగు సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకుని, ఇప్పుడు తమకు పని నేర్పే మేడం ఎదుట కూర్చుంది.

వారానికోసారి తాము చేసిన కౌన్సెలింగులో ఒకటి మేడంకు వినిపించాలి. ఏది వినిపించాలో ఎంచుకునేది నేర్చుకునేవాళ్లే. ఆ వెసులుబాటే వసపిట్ట కొంప ముంచింది. మేడమేమో నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటుంది. ఆ మౌనం చూస్తేనే వసపిట్ట గుండెల్లో రాయి పడేది. పనికిరావని ఆవిడ ఒక్క మాట అంటే రెండేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే.

ఫోనులో మంచి రికార్డింగు సిద్ధంగా ఉంది. దాని కిందే తను దాచినది ఉంది, తన దగ్గరికి వచ్చే ఒక దర్జీది. భార్య పోయి ఆర్నెల్లయినవాడు. ఈ ఉదయం పదింటికి రావలసినవాడు రాలేదు.

"మొదలుపెట్టు," అంది మేడం.

వేలు మంచిదాని మీదికే వెళ్లింది. వసపిట్టకు తన మీద తనకే అసహ్యం వేసింది. కిందిది నొక్కింది.

"కుట్టుమిషను మా తోడల్లుడికి ఇచ్చేశానమ్మా. కత్తెరలు కూడా. ఇంక నాకెందుకు..." దర్జీ గొంతు ఆగింది.

ఆగిందో లేదో, వసపిట్ట నవ్వు. "మంచి పని చేశారు బాబాయ్! హాయిగా విశ్రాంతి తీసుకోండి. మా నాన్న కూడా ఇంతే..." ఆ తర్వాతంతా ఆమె వాగుడే. దర్జీ మళ్లీ నోరెత్తలేదు.

మేడం రికార్డింగు ఆపేసింది. "ఎప్పటిది?"

"సోమవారంది. ఇవాళ పొద్దున రావాలి, రాలేదండీ. మీరేమంటారోనని భయమేసి..."

"నా మొహం చూసి దాచావు. అందులో నా తప్పూ ఉంది, అది తర్వాత తేల్చుకుందాం. ముందు ఫోన్ చెయ్యి. నిన్ను నమ్మి వచ్చాడు కాబట్టి నువ్వే చెయ్యి. తిన్నగా అడుగు. అడిగాక నోరు మూసుకో."

ఏడో రింగుకు ఎత్తాడు.

"బాబాయ్, నేనే. చచ్చిపోదామనుకుంటున్నారా?"

అవతల ఉలుకూ పలుకూ లేదు. వంద ఓదార్పులు వసపిట్ట గొంతులోకి తోసుకొచ్చాయి. నాలుకను పళ్లకింద నొక్కిపెట్టింది. మేడం ఆమె మణికట్టు పట్టుకుంది. గోడగడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిచేసింది.

"సోమవారమే అడుగుతావనుకున్నానమ్మా," అని దర్జీ భోరుమన్నాడు.

"చెప్పండి బాబాయ్. వింటున్నాను."

దర్జీ ఇంటికి వెళ్లడానికి మేడం అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టింది. వసపిట్ట ఫోను చెవికి అదిమిపట్టుకుని, ఒక్క మాట కూడా అడ్డం రాకుండా వింటూ, ఆవిడ వెంట మెట్లు దిగింది.