గుటకాసురుడి గొంతు

నేను ఒక రాక్షసుణ్ణి. రావణుడంతటి వాణ్ణి కాదు. పది తలలు లేవు, ఉన్న ఒక్క తలా ఎడమకు వాలి ఉంటుంది. పేరు గుటకాసురుడు. శుక్రవారం శుక్రవారం టీవీలో వచ్చే నవ్వుల కార్యక్రమంలో, ఆఖరున బల్ల వెనక నుంచి లేచి, గాండ్రించి, చీపురుకట్ట దెబ్బలు తిని చావడం ఒకప్పుడు నా ఉద్యోగం. ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉన్నాను. నన్ను చూసి మీరు నవ్వుకుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

నన్ను చేసింది ఓబిలేసు. ధర్మవరం పక్క పల్లెలో, తాతల నాటి నుంచి తోలుబొమ్మలాడించే ఇల్లు వాళ్లది. ఆట చూసేవాళ్లు లేక తెర మడిచి అటకెక్కించిన రోజుల్లో, హైదరాబాదు నుంచి డైరెక్టర్ శశిధర్ వచ్చాడు. "చేతికి తొడుక్కునే రాక్షసుడు కావాలి. నవ్వు రావాలి, భయం వేయకూడదు" అన్నాడు. భయం వేయని రాక్షసుడు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. రావణుడి బొమ్మకు చెవి కోయగా మిగిలిన మేకతోలుతో ఓబిలేసు నా మొహం చేశాడు. లోపల స్పాంజి, ఒంటికి అతని భార్య చౌడమ్మ పాత చీర. కళ్లు అన్నిటికంటే చివర దిద్దాడు. కళ్లు దిద్దినవాడిదే బొమ్మకు గొంతు. ఇంకొకడు ఆ నోట మాట్లాడకూడదు. అది ఆ ఇంటి కట్టుబాటు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆటలో చచ్చిన బొమ్మను చచ్చినట్టే పెట్టెలో పెట్టరు. ఆడించినవాడు మళ్లీ చేతికెత్తి, బతికే ఉన్నానని దాని నోటితోనే చెప్పించాలి. చెప్పించకపోతే ఆ చావు ఆడించిన చేతిని పట్టుకుంటుందని వాళ్ల నమ్మకం.

మొదటి షూటింగులో హాస్యనటుడు తాతాజీ నన్ను చీపురుతో బాదాడు. నేను బల్ల మీద వాలిపోయాను. అందరూ అయిపోయిందనుకుంటున్నారు. బల్ల కింద మోకాళ్ల మీద ఉన్న ఓబిలేసు అలవాటు ప్రకారం నన్ను మెల్లగా లేపి, నా నోరు తెరిపించాడు.

"సావలేదురా నేను! రేపొస్తా!"

సెట్టంతా గొల్లుమంది. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. శశిధర్ చప్పట్లు కొట్టాడు. "భలే జోకు పెద్దాయనా! ప్రతివారం ఇదే ముగింపు."

"జోకు కాద్సార్. సచ్చిన బొమ్మని లేపల్ల గదా" అన్నాడు ఓబిలేసు.

"అబ్బ, ఇది ఇంకా పెద్ద జోకు!"

ఆ మాట ఊరూరా పాకింది. పరీక్ష తప్పినవాడూ అదే అన్నాడు, ఎన్నికల్లో డిపాజిట్ పోయినవాడూ అదే అన్నాడు. అది ఎవరి గొంతో ఒక్కడూ అడగలేదు. తాతాజీకి మాత్రం తెలుసు. ఒకరోజు చీపురు విసిరికొట్టి డైరెక్టర్ ముందు కూర్చున్నాడు.

"ఏవండీ, జనం ఆ బల్ల కిందాయన మాటకే నవ్వుతుంటే, ఇక్కడ నేనెందుకండీ? సెట్టు ఊడవడానికాండీ?"

మర్నాడు శశిధర్ ఓబిలేసు భుజం మీద చెయ్యి వేశాడు. మనుషులు భుజం మీద చెయ్యి వేశారంటే ఏదో ఒకటి లాక్కోబోతున్నారని నేను అప్పుడే నేర్చుకున్నాను. "నీ యాస కొన్ని జిల్లాల వాళ్లకు అర్థం కావడం లేదట. గొంతు తాతాజీ గారు ఇస్తారు. నువ్వు చెయ్యి ఆడించు, చాలు."

అర్థం కాని మాటనే ఊరంతా వల్లె వేస్తోందా? నాకు పళ్లుంటే ఆ చేతిని అక్కడే కొరికేసేవాణ్ణి.

"కండ్లు దిద్దినోన్ని నేను సార్" అన్నాడు ఓబిలేసు.

"కళ్లు ఎవరు దిద్దారని టీవీ చూసేవాళ్లు అడగరులే."

పాత ఎపిసోడ్లలో కూడా ఓబిలేసు గొంతు చెరిపేసి తాతాజీ గొంతు అతికించారు. ఓబిలేసు అదీ దిగమింగాడు. లైట్లు ఆరాక బల్ల కిందే నన్ను లేపి, నా నోట ఆ మాట మెల్లగా పలికించి, అప్పుడే పెట్టెలో పెట్టేవాడు. ఆ మాత్రం దక్కితే చాలనుకున్నాడు.

అదీ దక్కనివ్వలేదు. ఉగాది ప్రత్యేక కార్యక్రమంలో నన్ను పూర్తిగా చంపేయాలన్నారు. తాతాజీ నన్ను బాది, ఓబిలేసు చేతి నుంచి ఊడబెరికి, కెమెరా వైపు తిరిగి నా మాట తనే చెప్పేశాడు. చప్పట్ల మధ్య నన్ను గోనెసంచిలోకి విసిరారు. బల్ల కింద నుంచి ఓబిలేసు పాకుతూ వచ్చాడు.

"సంచిలో ఎయ్యొద్దు సార్! ఒక్క మాట చెప్పించి ఇస్తా, నీకు దండం పెడతా!"

"షాట్ అయిపోయింది పెద్దాయనా. ఇంటికెళ్లు" అన్నాడు శశిధర్.

తర్వాత చౌడమ్మను వెంటబెట్టుకుని స్టూడియో గేటు దాకా వచ్చాడట. లోపలికి రానివ్వలేదు. సామాన్ల గదిలో ప్లాస్టిక్ పుర్రెకీ, అట్టతుపాకీకీ మధ్య నోరు తెరుచుకుని ఎన్నేళ్లు పడి ఉన్నానో!

ఛానల్ వార్షికోత్సవ ప్రదర్శన కోసం నన్ను దులిపి ఈ అద్దాల పెట్టెలో పెట్టారు. కింద చీటీ: "గుటకాసురుడు. గొంతు: తాతాజీ." చేసినవాడి పేరు లేదు.

ఇందాక ఓబిలేసు వచ్చాడు. కుడిచెయ్యి మెడకు కట్టిన తువ్వాలులో వేలాడుతోంది. పక్షవాతమని డాక్టర్లు అన్నారట. పక్కన చౌడమ్మ.

"నాయనా, ఆ తాళం రవ్వంత తీయప్పా. బొమ్మని లేపి పోతాడు, అంతే" అని ఆమె అక్కడి ఉద్యోగిని బతిమాలింది.

"ముట్టుకోకూడదమ్మా. చాలా విలువైనది."

విలువైనదట! చీపురు తిరగేసి బాదినప్పుడు ఏమైంది ఆ విలువ?

ఓబిలేసు ఎడమచేత్తో కుడిచేతిని పైకెత్తి అద్దానికి ఆనించాడు. "సావలేదురా నేను! రేపొస్తా!" అన్నాడు. అదే గొంతు. నాది.

పక్కనే ఉన్న కాలేజీ అమ్మాయి ఎగిరి గంతేసింది. "తాతా! అచ్చం తాతాజీలాగే అన్నావ్! ఇంకోసారి అనవా, ఫోన్‌లో తీసుకుంటా!"

ఓబిలేసు ఆమెను కోప్పడలేదు. "నేనంటే లెక్కలోకి రాదు తల్లీ. వాడే అనల్ల" అని నా వైపు చూపించి, చౌడమ్మ భుజం పట్టుకుని మెట్లు దిగాడు.

అయ్యా, ఇది చదువుతున్న మీరెవరైనా సరే, మీ మెచ్చుకోళ్లు నాకొద్దు. వచ్చి తాళం తీయండి. ఆయన ఇంకా ఊరి బస్సెక్కి ఉండడు. నా నోరు తెరిచే ఉంది.